సాక్ష్యం ఆట

కృపాజ్యోతి నోరు తెరిస్తే సురంగల్‌లో కుక్కలు కూడా కాసేపు నిలబడి విని పోతాయని వాళ్లాయన సుకుమార్ ఏడిపిస్తుంటాడు. అందులో అబద్ధం పెద్దగా లేదు. మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో ఆమె టీచరు. తరగతి గదిలో ఆమె ఎక్కాలు చెప్పిస్తే రోడ్డు మీద సవారీ కోసం ఆగిన ఆటోవాళ్లకు కూడా పన్నెండో ఎక్కం వచ్చేసింది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే, పిల్లలకు బైబిలు కథలు చెప్పేది ఆమే, పెళ్లిలో మైకు ఎవరికివ్వాలో తెలియక పెద్దలు తికమకపడితే చివరికి అది చేరేది ఆమె చేతికే. అట్లాంటి మనిషి ఇప్పుడు ఎవరైనా మైకు అందిస్తే తీసుకుని పక్కవాళ్లకు ఇచ్చేస్తున్నది. ఎందుకో సురంగల్‌లో అందరికీ తెలుసు. తెలిసీ ఒక్కరు ఒక్క మాట అనరు. తిట్టినా బాగుండునని ఆమెకు చాలాసార్లు అనిపించింది.

పుట్టుకతోనే గడుసుదేం కాదు. ఆలూరులో చదువుకునే రోజుల్లో ఇన్‌స్పెక్టరు వచ్చి పేరడిగితే భయానికి నాయన పేరు చెప్పిన పిల్ల. ఆ బెరుకు పెళ్లయ్యాక కూడా పోలేదు. ఒకసారి బడివాళ్లు టీచర్లందరినీ పట్నంలో శిక్షణకు పంపారు. అక్కడ ఒక నాటకాలాయన కుర్చీలన్నీ గోడకు జరిపించి, పెద్దపెద్ద మనుషుల చేత చిన్నపిల్లల్లా ఆటలాడించాడు. రాసుకొచ్చింది చదవడం లేదు, బట్టీ పట్టింది అప్పజెప్పడం లేదు. అప్పటికప్పుడు నోటికి ఏదొస్తే అది. ఎదుటివాడు చెయ్యి ఎత్తితే అద్దంలో బొమ్మలాగా నువ్వూ ఎత్తాలి. ఉత్త చేతులు చాపి “ఇగో నీకు తెచ్చిన” అంటే అది ఏమిటో నువ్వే చెప్పాలి. తప్పు పోయినవాళ్లకు అందరూ చప్పట్లు కొట్టాలి. కృప జీవితంలో తప్పుకు చప్పట్లు కొట్టించుకోవడం అదే మొదలు. ఆ సాయంత్రం బస్సులో నిలబడి వస్తూ ఒంటరిగా నవ్వుకున్నది. తనను ఇన్నేళ్లు నొక్కిపెట్టింది ఎవరో కాదు, తప్పు పోతుందేమోనన్న భయమే అని ఆమెకు ఆ బస్సులోనే తట్టింది.

ఆ సంతోషం ఒక్కతే ఉంచుకునే రకం కాదు ఆమె. మొదట బడి పిల్లల మీద ప్రయోగించింది, తర్వాత ఊరి మీద పడింది. చర్చి పక్కన పిల్లల గది ఒకటుంది. శనివారం పొద్దుగూకక ముందు కూలి నుంచి వచ్చినవాళ్లను, కాలేజీ నుంచి వచ్చినవాళ్లను అక్కడ పోగేసింది. నలుగురిలో మాట్లాడాలంటే చెమటలు పట్టేవాళ్లు ఎవరైనా రావచ్చన్నది. ఊళ్లోవాళ్లు దానికి నోరు తెరిచే క్లాసు అని పేరు పెట్టారు. వనిత అనే అమ్మాయి వచ్చేది. వాళ్లు చర్చివాళ్లు కాదు, అయినా రిసార్టులో రిసెప్షన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉందని వచ్చింది. ఇంకో నలుగురైదుగురు వచ్చేవాళ్లు. అందరికన్నా వెనక, తలుపు దగ్గర, పారిపోవడానికి వీలుగా పద్మమ్మ కూర్చునేది.

పద్మమ్మది నోట్లో నాలుక లేని బతుకు. ఒక చామంతి చెలక ఉంది. అందులో పని లేని రోజు కూలికి పోతుంది. మొగుడు యోసేపు చనిపోయి చాలా కాలమైంది. ఏటా చర్చిలో పంట పండుగ రోజున ఒక్కొక్కరు మైకు ముందుకొచ్చి దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకుంటారు. దాన్ని సాక్ష్యం అంటారు. పద్మమ్మ వంతు వచ్చినప్పుడు లేస్తుంది, పెదవులు కదుపుతుంది, కూర్చుంటుంది. చెప్పడానికి ఏమీ లేక కాదు. ఒకసారి క్లాసు అయిపోయాక కృపకు ఒక్కదానికే చెప్పింది. యోసేపు పోయిన వారంలోనే చామంతి కోతకొచ్చింది. ఏడ్చే ఇంట్లో పూల సంగతి ఎవరికి గుర్తుంటుంది? చెట్టు మీదే మాడిపోయి ఉంటాయనుకుంటూ చెలకకు పోతే, పూలన్నీ ఎవరో కోసేశారు. మూటలు కట్టి మార్కెట్టు బండికి ఎక్కించారు. వచ్చిన పైసలు ఒక గుడ్డలో చుట్టి గడప పక్కన పెట్టి పోయారు. ఎవరు కోశారని కూలికి వచ్చే ఆడవాళ్లను అడిగితే మేం కాదంటే మేం కాదన్నారు. ఇప్పటికీ తెలియదు.

“గీ ముచ్చట నలుగుర్ల ఒక్కసారి చెప్పాలె టీచర్. చెప్పకుంట సస్తే మంచిగుండదు” అన్నది పద్మమ్మ.

కృపకు కళ్లు చెమ్మగిల్లాయి. ఎట్లాగైనా ఈమె చేత చెప్పించాలని పట్టు పట్టింది. ఆమె చేసిన మంచి అంతా ఆ పట్టులోనే ఉంది. తప్పు కూడా.

క్లాసులో అందరికీ నచ్చిన ఆట ‘అవు, ఇంక?’ అనేది. ఒకరు ఏదో ఒకటి మొదలుపెడతారు. రెండోవాళ్లు కాదు అనకూడదు. ఎంత తిక్క మాటైనా అవు అని ఒప్పుకుని దానికి ఇంకో ముక్క కలపాలి. ఆగితే చుట్టూ ఉన్నవాళ్లు “ఇంక?” అని అరుస్తారు. “మా బర్రె బస్సెక్కింది” అన్నది ఒకనాడు వనిత. పద్మమ్మ వెతుక్కుని వెతుక్కుని, “అవు... సీటు ఇయ్యలె” అన్నది. గది పగిలేటట్టు నవ్వారు. పద్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది గానీ, కొంగు వెనక ఆమె కూడా నవ్వుతున్నది.

పండుగ దగ్గర పడ్డది. కృపకు ఒక ఆలోచన వచ్చింది. అసలు సాక్ష్యం ఇప్పటినుంచే పదిసార్లు చెప్పిస్తే రుచి పోతుంది. నిలబడే భయం పోవాలంటే ఉత్తుత్తి సాక్ష్యాలు చెప్పించాలి. చర్చిలో మాదిరిగానే ఒకరు ముందుకొచ్చి నిలబడాలి. చుట్టూ ఉన్నవాళ్లు చర్చిలో మాదిరిగానే ఆమెన్ అనాలి, తర్వాత ఇంక అనాలి.

“దొంగసాక్ష్యమంటే దేవుని ఆజ్ఞ తప్పినట్టు గాదా టీచర్?” అని పద్మమ్మ అడిగింది.

“ఆట గదక్కా! బర్రె బస్సెక్కితే తప్పు లేదు గని గిదానికి తప్పున్నదా?” అని కృప కొట్టిపారేసింది.

మొదటి ముక్క కృపే అందించింది. నోటికి ఏదొస్తే అది అనే ఆట కదా, ఆమె నోటికి అది వచ్చింది. “నా కాలికి పుండయింది” అన్నది. ఎందుకు వచ్చిందంటే, ఆ ముందటి ఆదివారం ఎంకపల్లి బాలప్ప కాలికి కట్టుతో చర్చికి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. కళ్ల ముందు ఆడుతున్న కట్టు నోట్లోంచి బయటపడింది.

“అవు, పుండయింది. వేలు నల్లగయింది” అన్నది పద్మమ్మ.

“ఆమెన్! ఇంక?”

“డాక్టరు వేలు తీసేయాలన్నడు.”

“ఆమెన్! ఇంక?”

“నేనొద్దన్న. ఇంట్ల కొబ్బరినూనె ఉన్నది. ప్రార్థన చేసి పోసుకున్న.” ఆమె గొంతు లేచింది, చేతులు కూడా కదులుతున్నాయి. “మూడొద్దులకు వేలు మల్ల ఎర్రగయింది. చెప్పులేసుకోని చెలకకు వోయిన!”

వనిత ఎగిరి గంతేసింది. పద్మమ్మ అంత పెద్ద మాట అంత గట్టిగా మాట్లాడటం ఎవరూ వినలేదు. కృప ఆమెను కౌగిలించుకుని, “పండుగ దినం గిట్లనే మాట్లాడాలె. మైకు ముందట బుర్ర ఖాళీ అయినా బుగులు పడకు. ఏది ముందుగాల యాదికొస్తే దాన్నే పట్టుకో, ఆగకుంట పో” అని చెప్పింది. ఆ మాట ఎంత మంచి మనసుతో చెప్పిందో తలచుకుంటే ఇప్పటికీ ఆమెకు తన మీద తనకే ఒళ్లు మండుతుంది.

పంట పండుగ రోజు చర్చి గుమ్మానికి మొక్కజొన్న కంకులు కట్టారు. ముందర క్యారెట్లు, టమాటాలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. పద్మమ్మ గంపెడు చామంతులు తెచ్చింది. పాస్టరు ఆనంద్ బాబు పేరు పిలిచేసరికి ఆమె తలుపు దగ్గరి నుంచి లేచి, జనం మధ్యలోంచి నడిచి మైకు దాకా వచ్చింది. అంతవరకు రావడమే ఒక వింత. కృప ముందు వరసలో కూర్చుని చేతులు నలుపుకుంటున్నది.

“యోసేపు పోయిన ఏడు...” అని మొదలుపెట్టిందో లేదో, మైకు కీచుమన్నది. వెనక పిల్లలు కిసుక్కుమన్నారు. పద్మమ్మ ఆగిపోయింది. ముందర కట్టేసిన కోడి కదిలితే అందరికీ వినిపించింది. పాస్టరు మెల్లగా, “చెప్పమ్మా, చెప్పు” అన్నాడు. ముందు వరసలో ఆడవాళ్లు ధైర్యం ఇవ్వడానికి “ఆమెన్!” అన్నారు.

పద్మమ్మ టీచరు చెప్పినట్టే చేసింది. ఏది ముందుగా యాదికొస్తే దాన్ని పట్టుకున్నది.

“నా కాలికి పుండయింది” అన్నది.

కృప ముందుకు వంగింది. అప్పుడు లేవచ్చు. లేచి, పద్మక్క అసలుది చెప్పు, ఇది కాదు అంటే అందరూ నవ్వేవాళ్లు, అంతే. ఆమె లేవలేదు. రెండో ముక్క వచ్చింది. “ఆమెన్!” అన్నారు జనం. “ఇంకా చెప్పమ్మా!” అన్నాడు పాస్టరు. అచ్చం క్లాసులో చప్పుడే. మూడో ముక్క, నాలుగో ముక్క, డాక్టరు, కొబ్బరినూనె, ఎర్రగా తిరిగిన వేలు. గొంతులో వణుకు లేదు. చివరి మాట అయ్యాక పద్మమ్మ నేరుగా కృప ముఖంలోకి చూసింది. ఇది సరైందేనా అని అడిగే చూపు అది. సగం నిద్రలో నడిచి వచ్చి, ఇంతకీ నేనెక్కడున్నానని అడుగుతున్నట్టున్నది.

కృప చప్పట్లు కొట్టింది. అందరికన్నా ముందు ఆమే కొట్టింది. తప్పు పోయినవాళ్లకు కొట్టే అలవాటో, పద్మమ్మ పరువు పోకూడదన్న ఆత్రమో, తన క్లాసు గెలిచిందన్న మురిపెమో, ఆ క్షణంలో ఆమెకే తెలియదు. తర్వాత తెలిసింది. మూడూ ఉన్నాయి, మురిపెమే ఎక్కువ పాలు. చర్చి మొత్తం చప్పట్లతో హల్లెలూయలతో హోరెత్తింది. పద్మమ్మ కాలికి ఎప్పుడు పుండయిందని ఒక్కరికీ అనుమానం రాలేదు. రెక్కాడితే గానీ డొక్కాడని ఆడమనిషి కాలి వేళ్లు ఎవరు చూశారు గనక?

భోజనాల వేళ, వంట గిన్నెల వెనక, పద్మమ్మ కృప చెయ్యి పట్టుకున్నది. 

“టీచర్, అది కాదు గద నేను చెప్పాల్సింది. తప్పయింది. మల్ల వోయి చెప్త. ఆటది చెప్పిన అని చెప్త.”

“ఇప్పుడేం చెప్తవక్కా? నవ్వుతరు. గింత మంచిగ మాట్లాడినవ్, గది చాలు. దేవునికి తెల్వదా? ఎవ్వలికేం నష్టం?”

“నష్టం లేదంటవా?”

“ఏం లేదు. పో, బువ్వ తిను.”

పద్మమ్మ పోయింది. అప్పుడే పాస్టరు వచ్చి, “అంతా మీ క్లాసు పుణ్యం టీచరమ్మా. చేవెళ్ల దిక్కు చర్చిలోళ్లు గూడ అడుగుతున్నరు, మా దగ్గర గూడ ఒక క్లాసు పెట్టమని” అన్నాడు. కృప వద్దనలేదు. అటు చూస్తే చెట్టు కింద బాలప్ప కట్టు కట్టిన కాలు చాపుకుని పద్మమ్మను దగ్గరికి పిలిచి ఏదో అడుగుతున్నాడు. అదేమిటో కృపకు అర్థం కాకపోలేదు. అయినా ఆమె తల తిప్పుకుని చెయ్యి కడుక్కోవడానికి పోయింది.

బాలప్పది ఎంకపల్లిలో క్యారెట్ తోట. షుగర్ ఉంది. కాలి వేలికి తగిలిన చిన్న దెబ్బ పుండై, నల్లబడి, చేవెళ్ల దవాఖానలో డాక్టరు పండుగ అయ్యాక రమ్మన్నాడు, ఆ ఒక్క వేలు తీసేస్తే సరిపోతుందన్నాడు. నవ్వించే మనిషి. “పదిట్ల ఒకటి పోతే తొమ్మిది లెవ్వా?” అని భార్య అరుణమ్మను ఊరడించేవాడు. సాక్ష్యం విన్నాక మాత్రం ఆ తొమ్మిది మాట మానేశాడు. వేలు ఉంచుకునే దారి దొరికాక తెగ్గోయించుకునేది ఎవరు?

వారం తర్వాత క్లాసులో పద్మమ్మ తలుపు దగ్గర కాక కృప పక్కనే కూర్చున్నది.

“బాలప్ప బావ ఇంటికొచ్చిండు టీచర్. నూనె అడిగిండు.”

“ఇచ్చినవా?”

“ఇయ్యకుంటె ఎట్ల? నష్టం లేదన్నవ్ గద.”

కృప ఆ రోజు ఆట ఆడించలేకపోయింది. తలనొప్పని చెప్పి తొందరగా పంపేసింది. మరుసటి ఆదివారం చర్చి బయట బాలప్ప కనబడితే పక్కకు పోయి, “బాపు, దేవుడు డాక్టర్లను గూడ మనకోసమే ఇచ్చిండు. జర దవాఖానకు గూడ పోయిరా” అన్నది. అతను పకపకా నవ్వి, “విశ్వాసం సగం సగం ఉండొద్దు బిడ్డా!” అన్నాడు. తను చెప్పింది కదా అనుకున్నది కృప. చెప్పిందట! చెప్పాల్సింది ఒకటి, చెప్పింది ఇంకొకటి. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసే ఆ మాటను తనకు తాను పదేపదే చెప్పుకుని నిద్రపోయేది. ఉన్నది ఉన్నట్టు చెబితే పద్మమ్మ మళ్లీ తలుపు దగ్గరికి పోతుంది, ఇక జన్మలో నోరు తెరవదు అని ఒక సాకు. బడిలో పరీక్షలు అని ఒక సాకు. చేవెళ్లలో క్లాసు మొదలుపెట్టాలి, ఇప్పుడే గొడవెందుకని ఇంకో సాకు. ఈ సాకులన్నిటి కింద ఉన్నది ఒక్కటే. నలుగురిలో తన తల కొట్టేసినట్టవుతుందని భయం. భయం పోగొట్టే పంతులమ్మకు పట్టుకున్న భయం అది.

తర్వాత వరసగా రెండు ఆదివారాలు బాలప్ప చర్చికి రాలేదు. రెండో ఆదివారం మధ్యాహ్నం కృప స్కూటీ తీసుకుని ఎంకపల్లి పోయింది. వాకిట్లో అడుగు పెట్టగానే వాసన కొట్టింది. బాలప్ప మంచం మీద ఉన్నాడు. పాదం మొత్తం ఉబ్బి, చర్మం నిగనిగలాడుతున్నది. వేలు ఎక్కడుందో వేరుగా కనబడటం లేదు. పక్కన స్టూలు మీద చిన్న స్టీలు గిన్నెలో నూనె.

“పుండు పట్టు ఇడుస్తలేదు బిడ్డా. నాకే విశ్వాసం తక్కువైంది” అన్నాడు బాలప్ప. అతని పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

కృప అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. “బాపు, పద్మక్క చెప్పింది నిజం గాదు. ఆమె కాలికి పుండు గాలె. అది మా క్లాసుల ఆడుకున్న ఆట.”

“సాక్ష్యం ఆటెట్లయితది?” అన్నది అరుణమ్మ లోపలి నుంచి వస్తూ.

“నేర్పనీకి ఆడించిన అవ్వా. మొదటి ముక్క నేనే అందించిన.”

బాలప్ప తల అడ్డంగా ఊపాడు. “దేవుని ముందట నిలవడి ఎవ్వలన్న అబద్ధం జెప్తరా? అందుట్ల పద్మమ్మ! దానికి నిజం జెప్పుడే రాదు, అబద్ధమెక్కడ వస్తది?”

“నువ్వే గద చప్పట్లు గొట్టినవ్ టీచరమ్మా” అన్నది అరుణమ్మ. “నీ ఎన్కనే కూసున్న నేను. అందరికంటె ముందు నువ్వే గొట్టినవ్. ఇప్పుడొచ్చి అబద్ధమంటవేంది?”

 కృప లేచి స్కూటీ దగ్గరికి పోయింది. ఆ ఇంట్లో తన మాట చెల్లదని అర్థమైంది. చర్చిలో నిలబడి చెప్పిన మాటను చెప్పిన మనిషే వచ్చి వెనక్కి తీసుకోవాలి. తను నోరు తెరిపించిన మనిషి దగ్గరికే పోయి, ఇప్పుడు నలుగురి ముందు అబద్ధమాడానని చెప్పమని అడగాలి.

పద్మమ్మ చెలకలో పూలు కోస్తున్నది. కృప రొప్పుతూ సంగతి చెప్పింది. తిడుతుందనుకున్నది. పద్మమ్మ ఒళ్లోని పూలు గంపలో గుమ్మరించి, చేతులు కొంగుకు తుడుచుకున్నది.

“ఆ దినమే చెప్త అంటి గద టీచర్” అన్నది.  వచ్చి స్కూటీ వెనక కూర్చున్నది.

 ఎంకపల్లి చేరాక పద్మమ్మ పీట వేసినా కూర్చోలేదు. చెప్పు విడిచి, కాలు తెచ్చి మంచం పట్టె మీద పెట్టింది. మట్టి కొట్టుకుపోయి, పగుళ్లు బారిన కాలు.

“చూడు బావా. అయిదు వేళ్లు. ఏ దినం గూడ నల్లగ గాలె, ఏ డాక్టరుకు చూపియ్యలె. మైకు ముందట బుగులైంది, నోటికొచ్చింది చెప్పిన. నువ్వొచ్చి నూనె అడిగినప్పుడన్న చెప్పాలె. గప్పుడు సిగ్గయింది. నా సిగ్గుకు నీ కాలు గిట్లయింది. గా నూనె మా ఇంట్ల తలకు పెట్టుకునే నూనె. లే, దవాఖానకు పోదాం.”

ఒక్క మాట తడబడలేదు. కృప పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. మనుషులు అట్లా మాట్లాడాలనే కృప ఆ క్లాసు పెట్టింది. అది వింటూ గోడకు ఆనుకుని ఏడుస్తున్నది.

బాలప్ప ఆ కాలు వైపు చాలాసేపు చూశాడు. తర్వాత అరుణమ్మతో ఆటోను పిలవమన్నాడు. అతన్ని ఒకవైపు కృప, ఒకవైపు పద్మమ్మ పట్టుకుని లేపారు. కాలు నేలకు ఆనితే అరిచేవాడు. చివరికి ఆటో డ్రైవరు కూడా దిగి వచ్చి ఎత్తి కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఆయాసపడుతూ, చెమట తుడుచుకుంటూ, బాలప్ప కృపతో అన్నాడు: “పండుగ దినమే చెప్తే నేనే నడుసుకుంట ఎక్కుతుంటి బిడ్డా.” కోపంగా అనలేదు. ఉన్న మాట అన్నాడు.

చేవెళ్లలో చూసి పట్నం పంపారు. పట్నంలో ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. వేలు మాట ఇక ఎవరూ ఎత్తలేదు.

పద్మమ్మ తర్వాతి ఆదివారం ఎవరూ పిలవకుండానే మైకు దగ్గరికి పోయి, ఎంకపల్లిలో చెప్పింది చర్చిలో కూడా చెప్పింది. జనం కళ్లు దించుకుని విన్నారు. అప్పుడు కృప లేచింది. ఆట నాదే, మొదటి మాట నాదే, చెప్తానంటే ఆపింది నేనే అని చెప్పాలని రాత్రంతా వరస పెట్టుకున్నది. సగం చెప్పింది, సగం ఏడ్చింది. పాస్టరు ఆమె తల మీద చెయ్యి పెట్టి, “దేవుడు క్షమిస్తడమ్మా, కావాలని చేసినవా?” అని, పాట అందుకున్నాడు. అందరూ పాడారు. బయటికొచ్చాక ఆడవాళ్లు వీపు నిమిరారు. అంత సులువుగా దొరికిన క్షమాపణను ఏం చేసుకోవాలో కృపకు తెలియలేదు. ఇంట్లో సుకుమార్ కూడా ఏడిపించడం మానేశాడు. చేవెళ్ల క్లాసు మొదలే కాలేదు. సురంగల్‌లో శనివారం గదికి తాళం పడ్డది. వనిత తనకు ఉద్యోగం వచ్చిందని, ఇంటర్వ్యూలో ఆట గుర్తు చేసుకునే మాట్లాడానని ఫోను చేసి చెప్పింది. కృప సంతోషం అన్నది గానీ, ఆ మాట మనసు దాకా పోలేదు.

బాలప్ప ఇంటికి వచ్చాడని తెలిసి ఎంకపల్లి పోయింది. బత్తాయిలు తీసుకుపోయింది. అవి మంచం మీద పెడితే, బాలప్పే మాట కలిపాడు, తోటలో క్యారెట్లు ఎట్లా ఉన్నాయో చూసి పొమ్మన్నాడు, చాయ తాగి పొమ్మన్నాడు. అరుణమ్మ చాయ తెచ్చింది. కప్పు అందించింది, ముఖం చూడలేదు.

కృప పోతానని లేచేసరికి అరుణమ్మ లోపలికి పోయి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో కొత్త తోలు చెప్పు ఒకటి. ఎడమ కాలిది. అడుగున ఇంకా మట్టి కూడా అంటలేదు.

“పండుగకు కొన్న చెప్పులు. కాలు మానినంక తొడుగుత అని దాసిపెట్టిండు” అన్నది అరుణమ్మ. “కుడిది ఆయనకు కావాలె. గిది నువ్వు తీస్కపో టీచరమ్మా. నీ ఇంట్ల ఉండనీ.”

“అరుణా!” అన్నాడు బాలప్ప మంచం మీంచి.

అరుణమ్మ చాపిన చెయ్యి అట్లాగే ఉన్నది. సురంగల్‌లో ఇంతమంది ఇవ్వని శిక్ష ఆమె ఒక్కతే ఇస్తున్నదని కృపకు తెలిసింది. వద్దనలేదు, ఏడవలేదు. రెండు చేతులా తీసుకున్నది.